ముప్పై మైక్రాన్లు

నా పని రాళ్లను అరగదీయడం.
అనంతపురంలో, జియాలజీ శాఖ వెనక గదిలో
ఇరవై రెండేళ్లుగా
తిరిగే ఇనుప పళ్లెం, కార్బొరండం పొడి, నీళ్లు,
గాజుపలకకు అతికించిన రాయి మీద నా చూపుడువేలు.
ముప్పై మైక్రాన్లకు దిగేసరికి
ఎంత నల్లరాయైనా వెలుతురుకు దారిస్తుంది.
ఇంకో నిమిషం అరగదీస్తే రాయే ఉండదు.
ఆ నిమిషం నా వేలికి తెలుసు.
వేలిముద్ర మాత్రం అరిగిపోయింది,
రేషన్ మిషను నన్ను నేను కాదంటుంది.

మొన్న మాబున్నిసా మూడు సంచులు తెచ్చింది,
పరిశోధన చేసే పిల్ల, కమలాపురంది.
గుత్తి కొండ పక్కన ఎర్రరాయి.
పామిడి దగ్గర చేనును నిలువునా చీల్చుకుపోయే నల్లగట్టు ముక్క.
మూడోది వజ్రకరూరుది,
తడిస్తే బూడిదపచ్చ, ఎండితే ఏ రంగో తేల్చి చెప్పదు,
గోటికే పొడి రాలుతుంది.
రెసిన్ తాగించి గట్టిపరిచాకే పళ్లెం ఎక్కించాను.

"మూడూ కరిగి పుట్టినవే అన్నా" అంది.
"మరి ఒకదాని మొహం ఒకదానికి లేదే?"

భూమి లోపల నిప్పుల చెరువుందనుకునేవాణ్ణి.
లేదట. అంతా రాయే,
కాగుతూ, పైనున్న బరువుకు పళ్లు బిగబట్టుకుని.
బరువు సడలితే చెమరుస్తుంది.
నీటి తడి తగిలినా, అంత వేడి లేకున్నా, చెమరుస్తుంది.
మొత్తం కరగదు.
కరగడానికి ముందుగా ఒప్పుకున్నవే కరుగుతాయి,
మొండివి అక్కడే మిగిలిపోతాయి.
అందుకే ఆ చెమట ఒంటిని పోలి ఉండదు.

నాకు చెనిక్కాయల నూనె డబ్బా గుర్తొచ్చింది.
బాగా చలేసిన తెల్లారి చూస్తే
అడుగున తెల్లగా గడ్డ, పైన తేట.
అమ్మ తేటనే వంచుకుని తిరగమోత పెట్టేది.
పేరు మారలేదు, కానీ అది నిన్నటి నూనె కాదు.
చల్లారే మాగ్మాలోనూ
ముందు పేరుకునేది ఆలివిన్,
మెగ్నీషియం మూటగట్టుకుని అడుగుకు దిగిపోతుంది.
పైన మిగిలినదానిలో సిలికా చిక్కబడి
జారేది కాస్తా జిగురవుతుంది.

గుత్తి రాయిలో నూటికి డెబ్బై పాళ్లు సిలికా,
తీరిగ్గా చల్లారింది, గింజగింజా కంటికి ఆనుతుంది.
నల్లగట్టులో యాభై,
పగులు కనబడగానే దూరి, చల్లని గోడలకు తగిలి
గబగబా గట్టిపడింది.
వజ్రకరూరుదానిలో ముప్పై చిల్లర.
నూట యాభై కిలోమీటర్ల కింద
నూటికి ఒక పాలు కరిగిందో లేదో,
వాయువును కడుపులో పెట్టుకుని
గుంతకల్లు స్టేషన్లో గోలీ కొట్టిన సోడాలా తన్నుకొచ్చింది,
దారిపొడుగునా గోడలు పీక్కుంటూ,
తనవి కాని రాళ్లు మోసుకుంటూ.
వజ్రం దాని బిడ్డ కాదట,
దారిలో బండెక్కిన మనిషి.

ఆ మాట అమ్మకు చెప్పలేదు.
మా అమ్మ ఈరమ్మ
పద్నాలుగు తొలకర్లు తుగ్గలి చేలల్లో తలొంచుకు నడిచింది.
ఒక్కసారి ఏదో మెరిస్తే సేటు పదహారు వందలిచ్చాడు,
అది వజ్రమో గాజో ఈ రోజుకీ తెలీదు.

"వజ్రకరూరు రాయా? దొరికిందా?"
"లేదుమా. ఆలివిన్ కూడా మిగల్లేదు,
దాని ఆకారంలో సర్పెంటైన్, పాచి రంగులో."
చాలాసేపు ఊరికే ఉంది.
అరిసేతిలో వక్క నలిపి, అంది:
"అరగదీసి పోగొట్టినావేమో, సరిగ్గా సూసుకోరా."

వజ్రమైతే అరిగేది కాదు,
నా పళ్లెం మీదే గీత పడేది. తెలుసు.
అయినా పొద్దున్నే, ఎవరూ రాకముందు,
తొట్టి అడుగు బురదలో చెయ్యి పెట్టాను.
గుత్తి ఎరుపు, పామిడి నలుపు, వజ్రకరూరు బూడిద,
మూడూ కలిసి ఒకే మెత్తటి మట్టి.
ముద్రల్లేని వేళ్లతో
దాన్ని కెలుకుతూనే ఉన్నాను.